మార్కుల మెమో కాదు... కదిలే బొమ్మ చూడండి!

బుచ్చిరెడ్డిపాలెంలో ఇంటర్ ముగించిన పిల్లవాడు యానిమేషన్ చదువుతానంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఒకటే. ‘ఉద్యోగం వస్తుందా?’ దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. వాడికి పని వచ్చిందో రాలేదో ఎవరు తేలుస్తారు? ఎలా తేలుస్తారు? ఇంట్లోవాళ్లకు ఈ ప్రశ్న తట్టకపోవచ్చు. ప్రత్యేక రాష్ట్రం అడుగుతున్న మనకు తట్టకపోతే ఎలా?

కాలేజీ ఎక్కడ పెట్టాలన్న దాని మీద మనం చాలా కొట్లాడాం. 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలంది. నీళ్లలో రాయలసీమతో పాటు నెల్లూరుకూ మొదటి హక్కు అంది. 1953లో కర్నూలుకు వచ్చిన రాజధాని 1956లో హైదరాబాదుకు పోయింది. దాని వెంటే బొమ్మల పరిశ్రమ కూడా అక్కడే పెరిగింది. 2008లో టీవీకెక్కిన ‘ఛోటా భీమ్’ పుట్టింది హైదరాబాదులోనే. జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఏర్పడిందీ అక్కడే. 2014లో రాష్ట్రం విడిపోయాక మనకు మిగిలింది ఖాళీ చేతులు.

2020లో కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ వచ్చింది. సంతోషించాం. కానీ అక్కడి ఆర్కిటెక్చర్ విద్యార్థులు గుర్తింపు కోసం రోడ్డెక్కాల్సి వచ్చింది. బోర్డు తగిలించినంత మాత్రాన చదువు రాదని పాలకులకు చెప్పడానికి పిల్లలే ధర్నాకు కూర్చోవాలా?

గుర్తింపు ఒక్కటే కాదు, పరీక్ష సంగతీ చూడాలి. మన డిగ్రీ చదువులకు ఒక పాత అలవాటుంది. సెమిస్టర్ చివర మూడు గంటల రాతపరీక్ష, ఒక రికార్డు, పది నిమిషాల వైవా. యానిమేషన్‌కూ ఇదే కొలబద్ద పెడితే ఏమవుతుంది? యానిమేషన్‌కు 12 సూత్రాలున్నాయి. డిస్నీ కళాకారులు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో తమ పుస్తకంలో వాటిని రాసిపెట్టారు. పన్నెండూ కంఠస్థం చేసి రాస్తే ఫస్ట్ క్లాసు వస్తుంది. అదే విద్యార్థిని ఒక బంతిని ఎగరేసి చూపించమనండి. సెకనుకు 24 ఫ్రేములు. బంతి పైకి పోయినచోట ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య దూరం తగ్గాలి, నేలకు దగ్గరవుతుంటే పెరగాలి. అది రబ్బరు బంతో ఇనుప గుండో చూసేవాడికి చెప్పకుండానే తెలియాలి. ఈ ఒక్క బంతి చెప్పే నిజం ముప్పై పేజీల జవాబు పత్రం చెప్పదు.

సరే, రాతపరీక్ష తీసేసి, చివరన ఇచ్చే వీడియోకే మార్కులు వేద్దామా? అక్కడా మోసం ఉంది. తళతళలాడే వీడియో కావాలంటే మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ కావాలి. అది కొనగలిగిన ఇంటి పిల్లవాడి బొమ్మ మెరుస్తుంది. కనిగిరి రిజర్వాయరు కింద కౌలు చేసే రైతు కొడుకు పాత లాప్‌టాప్ మీద చేసిన బొమ్మ మెరవదు. అలాంటప్పుడు మనం కొలుస్తున్నది విద్యార్థి చేతినా, తండ్రి జేబునా? పైగా ఇవాళ కృత్రిమ మేధకు నాలుగు మాటలు చెబితే వీడియో తయారైపోతోంది. చివరి వీడియో చూసి అందులో ఎవరి కష్టం ఎంతో చెప్పడం మాస్టారికీ సాధ్యం కాదు.

అందుకే చేసిన దారిని కొలవాలి. మొదటి గీతల నుంచి స్టోరీబోర్డు, రంగులు వేయని బూడిదరంగు బొమ్మ కదలిక, సరిదిద్దిన ప్రతులు... అన్నీ దాఖలు చేయించాలి. మార్కుల్లో పెద్ద వాటా ఆ రంగులేని దశకే ఇవ్వాలి. అక్కడ డబ్బు పని చేయదు, కన్నూ చెయ్యే పని చేస్తాయి. పరీక్షకుల ముందు కూర్చోబెట్టి ‘ఈ ముసలాయన నడకను కుంటి నడకగా మార్చు’ అనాలి. సొంతంగా చేసినవాడు మారుస్తాడు, తెచ్చుకున్నవాడు దిక్కులు చూస్తాడు. నలుగురు కలిసి చేసిన సినిమాలో ఎవరేం చేశారో విడివిడిగా రాబట్టాలి. తప్పు చెప్పి, దిద్దుకోవడానికి గడువిచ్చి, దిద్దుకున్నదానికీ మార్కులివ్వాలి. పరీక్షకుల్లో ఒకరు బయట స్టూడియోలో పని చేసేవారై ఉండాలి.

ఇది మన గడ్డకు కొత్త కాదు. అనంతపురం సీమలోని నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు పేరుపడ్డ ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ విద్యలో ప్రశ్నపత్రం లేదు. తెర ముందు కూర్చున్న జనమే పరీక్షకులు. బొమ్మ నడకలో ప్రాణం లేకపోతే జనం లేచిపోతారు.

పెద్ద నగరం, పెద్ద పెట్టుబడి లేకుంటే ఇవన్నీ కుదరవనే మేధావులకు ఒక మాట. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచింది ‘ఫ్లో’. తీసింది లాత్వియా అనే చిన్న దేశం కుర్రాడు. ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తోనే చేశారు. పిక్సార్, డ్రీమ్‌వర్క్స్ సినిమాలు దాని ముందు ఓడిపోయాయి. ఆ దేశం మొత్తం జనాభా 20 లక్షలు లేదు. 2011 లెక్కల్లో మన ఉమ్మడి నెల్లూరు జిల్లా ఒక్కటే 29 లక్షలు దాటింది!

విద్యార్థి మిత్రులారా, అధ్యాపకులారా, ఉద్యోగ సోదరులారా! రేపు మన రాష్ట్రం వచ్చాక కూడా ఇవే ప్రశ్నపత్రాలు, ఇవే మెమోలు ఉంటే మారేది బోర్డు మీద పేరే. సిలబస్ కమిటీలో, పరీక్షల బోర్డులో మన మాట చెల్లాలి. కాలేజీ అడిగిన నోటితోనే పరీక్ష మార్చమని ఇప్పుడే అడుగుదాం. మెమో పట్టుకుని తిరిగే పట్టభద్రులు మనకు చాలామందే ఉన్నారు. పని చేతిలో ఉన్న పిల్లలు కావాలి.