సాగిన ముఖాలు, తెగిన అక్షరాలు

మన కళాశాల గ్రంథాలయపు బీరువాలో గత వార్షికోత్సవాల డి.వి.డి.లు కొన్ని ఉన్నాయి. వానిలో 2006 నాటి ముషాయిరా ఒకటి. డిస్కులు పాడుకాక ముందే కంప్యూటరులోనికి ఎక్కించి, చిన్న ఫైళ్ళుగా కుదించి ఉంచవలెనని తలచి, దానిని మొదట ఒక దుకాణమునకు ఇచ్చాము. తిరిగి వచ్చిన చిత్రాన్ని సభామందిరములోని వెడల్పు తెరపై వేసినపుడు, కీర్తిశేషులైన మన ఉర్దూ ఆచార్యుల వారి కుమారుడు కొంతసేపు చూచి, "సార్, మా అబ్బా ఇంత లావుగా ఎన్నడూ లేరు" అన్నాడు. మేము బదులు చెప్పలేకపోయాము.

మేము తెలుగు బోధించువారము. యంత్రవిద్య మా వృత్తి కాదు. ఐనను ఆ మాట విన్న తరువాత కారణము తెలిసికొనక ఉండలేకపోయాము.

పాత టెలివిజను తెర వెడల్పునకు, ఎత్తునకు గల నిష్పత్తి 4:3. నేటి తెరలది 16:9. మన దేశములో వాడుకలో ఉండిన పాల్ పద్ధతి డి.వి.డి.లో సాధారణముగా ఒక్కొక్క చిత్రానికి అడ్డముగా 720, నిలువుగా 576 పిక్సెళ్ళు ఉంటాయి. నిష్పత్తి ఏదైనను లెక్క అదే! చిక్కంతా ఇక్కడనే ఉన్నది. ఆ పిక్సెళ్ళు చతురస్రములు కావు. చిత్రాన్ని ఎంత వెడల్పుగా విప్పి చూపవలెనో తెలిపే గుర్తు ఒకటి డిస్కులో ఉంటుంది; ప్లేయరు దానిని చదివి సర్దుతుంది. కుదించునపుడు ఆ గుర్తు పోతే, 4:3 చిత్రము 768 ఉండవలసినచోట 720 మాత్రమే ఉండి, మనిషి ఒకింత చిక్కుతాడు. 16:9 చిత్రమైతే 1024 ఉండవలసినచోట 720 కాగా, అందరూ సరుగుడు చెట్లవలె నిలుచుంటారు. అమెరికా నుండి బంధువులు పంపిన ఎన్.టి.ఎస్.సి. డిస్కులలో 720, 480 ఉంటాయి. అక్కడి 4:3 చిత్రాన్ని 640, 480గా చూపవలెను కనుక, ఉన్నదున్నట్లు వేస్తే మనిషి లావెక్కుతాడు.

మన ముషాయిరాకు పట్టిన గతి వేరు. 4:3 చిత్రాన్ని 16:9 తెర నిండా లాగి కుదించారు. వెడల్పు మూడింట ఒక వంతు పెరిగినది. ఎందుకని అడిగితే, "ప్రక్కల నల్లపట్టీలుంటే గిరాకీలు ఒప్పుకోరండీ" అన్నారు. నల్లపట్టీ లోపమన్న ఈ అభిప్రాయముతోనే మాకు పేచీ. 'మాయాబజార్' (1957) చట్రము దాదాపు 4:3. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోపు. నేటి తెరపై మొదటిదానికి ప్రక్కలను, రెండవదానికి పైన, క్రింద ఖాళీ మిగలడము సహజము. ఆ ఖాళీని పూడ్చుటకు మనుషులను సాగదీయనేల?

లాగుటకన్న కత్తిరించుట మరింత చెరుపు. గుర్తు మాత్రమే తప్పినపుడు, చిత్రాన్ని మళ్ళీ కుదించకుండనే దానిని దిద్దవచ్చును. లాగినదానిని తిరిగి నొక్కవచ్చును గాని, ప్రతి కుదింపులోను కొంత స్పష్టత పోతుంది. కత్తిరించిన భాగము ఆ ఫైలులోనికి ఇక రాదు. రెండవ డిస్కును తెర నింపుటకై పైన, క్రింద కోసినపుడు, వేదికపై కట్టిన బ్యానరులో పై వరుస ఉర్దూ పోయి, క్రింది వరుస తెలుగు మిగిలినది. ఇది ఎవరి ఉద్దేశమూ కాదని మాకు తెలుసు. ఐనను ఈ కళాశాలలో అది చూచుటకు బాగుండలేదు. పైగా సభ తేదీ ఉన్నది ఆ పై వరుసలోనే.

హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత సాఫ్ట్‌వేరుతో ఈ పనిని మన విద్యార్థులే చేయగలరు. కొలతల పేజీలో అనమార్ఫిక్ అన్నచోట ఆటోమేటిక్ ఉంచితే నిష్పత్తి గుర్తు నిలుస్తుంది. గుర్తును లెక్కచేయని ప్లేయర్లు ఉన్నవను అనుమానము కలిగితే, 4:3 చిత్రాన్ని చతురస్ర పిక్సెళ్ళతో 720, 540కి మార్చి కుదించవలెను. పాత, కొత్త దృశ్యాలను ఒకే చిత్రములో కూర్చునపుడు పాతవానిని ఎత్తుకు సరిపోవునట్లు ఇమిడ్చి, ప్రక్కలను నలుపుగా వదలవలెను. సరిచూచుటకు లెక్కలు కూడ అక్కరలేదు. గోడ గడియారమో, తబలా ముఖమో కనిపించుచోట ఆపి, గుండ్రముగా ఉన్నదా అని చూచిన చాలును.

ఫైళ్ళు సిద్ధమైనవని డిస్కులను పారవేయరాదని కమిటీవారికి మనవి. 2006 డిస్కు ఇంకను చక్కగా ఆడుచున్నది. దానిని తిరిగి చేయుటకు ఇద్దరు విద్యార్థులు ముందుకు వచ్చారు. ప్రయోగశాల కంప్యూటరు ఒకటి రెండు సాయంత్రాలు ఇప్పించినచో, ఆచార్యుల వారి కుమారునికి మళ్ళీ కబురు చేస్తాము.