పాఠశాల రంగస్థలంపై ప్రజాదళం

తెలంగాణలో సెప్టెంబరు 17వ తేదీని ఏ పేరుతో పిలవవలెనన్న వాదం ఇంకను తెగలేదు. 2022లో కేంద్రప్రభుత్వం దానిని హైదరాబాదు విమోచన దినంగా జరిపినది; అదే యేట రాష్ట్రప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమన్నది; 2024లో తరువాతి ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమన్నది. పెద్దలు పేరును గురించి వాదించుకొంటూ ఉండగా, బడిపిల్లలకు ఆనాటి పోరాటాన్ని వేషంకట్టి ఆడే పని పడుతున్నది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల ఉపాధ్యాయునికి అది చిన్న చిక్కు కాదు. అట్టతుపాకి ఎవరి భుజాన పెట్టవలెను? రజాకారు వేషం ఎవరికి ఇవ్వవలెను?

అసలు తిరుగుబాటు మొదలైననాడు రైతుల చేతులలో తుపాకులు లేవు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కాలంలో గ్రామరక్షకుల ఆయుధాలు గుత్పలు, వడిసెలలు. స్త్రీలు కారంపొడి సిద్ధం చేసుకొన్నారు. గుత్పల సంఘమన్న పేరు ఆ దుడ్డుకర్ర వలన వచ్చినదే. తుపాకి పట్టిన దళాలు తరువాతి మాట. మొదటి అంకంలోనే బాలుని చేతికి తుపాకి ఇచ్చినచో, వట్టి చేతులతో బయటికి వచ్చిన మనిషి సాహసం కథలోనుంచి జారిపోతుంది.

రెండవ ప్రశ్న మరింత సున్నితమైనది. ఉర్దూలో రజాకారనగా స్వచ్ఛంద సేవకుడు. అనగా కాసిం రజ్వీ వెంట నడిచినదీ పౌరదళమే, దానిని ఎదిరించినదీ పౌరదళమే! భేదం దుస్తులలో లేదు; ఎవరి పక్షాన, ఎవరిమీదికి వెళ్లారన్నదే భేదం. ఈ భేదాన్ని మతభేదంగా చూపి, తరగతిలోని ముస్లిం బాలునికే ఆ వేషం అంటగట్టుట చరిత్రకు అపచారం. విసునూరు దేశ్‌ముఖుపై న్యాయస్థానంలో పోరాడి హతుడైన షేక్ బందగీ ఎవరు? రజాకార్లను విమర్శించి 1948 ఆగస్టులో వారి చేతిలోనే ప్రాణాలు కోల్పోయిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఎవరు? సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు 1947లో వ్రాసిన ‘మా భూమి’ నాటకానికి ఆ బందగీ కథయే ప్రేరణ. ప్రజానాట్యమండలి ఊరూరా ఆడిన ఆ నాటకాన్ని ప్రభుత్వం నిషేధించవలసి వచ్చినదంటే, వేషానికి ఎంత బలమున్నదో ఊహించుకోవచ్చును.

అమెరికాలో లెక్సింగ్టన్ పట్టణస్థులు 1775 ఏప్రిల్ 19నాటి తొలి కాల్పులను ఏటేటా అభినయిస్తారు. పౌరసైనికుల వేషాలతోపాటు ఎర్రకోటుల బ్రిటిషు సైనికుల వేషాలు కూడ కట్టేవారున్నారు. అక్కడ శత్రువేషం ఎవరి పుట్టుకకూ గుర్తు కాదు. మన బడులలోను చీటీలు వేసి పాత్రలు పంచవచ్చును.

పాలమూరు సీమకు వేరొక ప్రత్యేకత ఉన్నది. గద్వాల, వనపర్తి నిజాం ఏలుబడిలోని సంస్థానాలు. ఇక్కడి కథ నల్లగొండ కథకు నకలు కాదు. 1947లో ఆత్మకూరు సమీపాన అప్పంపల్లిలో కాల్పులకు పలువురు బలియైనారు. కలం పట్టినవారినీ ఇక్కడ మరువరాదు: 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి ఈ గద్వాల సీమవాడే, 1952లో వనపర్తి ఆయనను శాసనసభకు పంపినది. అచ్చుయంత్రం ముందు కూర్చున్న సంపాదకుని వేషం కట్టిన బాలుడు ఏ వేదికపై కనిపిస్తున్నాడు?

ఇక తెర దించే చోటు. సాధారణంగా 17వ తేదీ సాయంకాలం జెండా ఎగురగానే నాటకం ముగుస్తుంది. కాని పోరాటం ఆనాడు ముగియలేదు. రజాకార్లు పోయిన తరువాత భూమి ఎవరిదన్న ప్రశ్న మిగిలి, కొన్ని దళాలు నల్లమల అడవులకు తరలి, నిన్నటివరకు నిజామును ఎదిరించినవారే భారతసైన్యానికి ఎదురు నిలిచారు. పోరాట విరమణ 1951 అక్టోబరులో గాని జరుగలేదు. ఈ మూడేండ్లను ఏ తరగతి పిల్లలచేత ఆడించవచ్చునో ఉపాధ్యాయులే తేల్చవలెను. పదవ తరగతివారు అందుకు చిన్నవారు కారు.