మంచి స్కూలు, నీటు ఏరియా... ఎవరికి దూరంగా?

డాలస్‌లో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే ముందు వీసా కబుర్లు, తర్వాత ఇంటి కబుర్లు. ఇంటి సంగతి వచ్చిందంటే "ఫ్రిస్కోలో తీసుకో తమ్ముడూ, స్కూళ్ళు మంచివి, ఏరియా నీటు" అన్న ఉచిత సలహా తప్పదు. ఏరియా నీటుగా ఉండటమంటే ఏంటండీ? రోడ్లు ఊడ్చి ఉండటమా? ఆ మాటకి అర్థం చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. నల్లవాళ్ళూ, మెక్సికన్లూ పెద్దగా ఉండరని. పైకి అనరంతే.

ఇదే పెద్దమనిషి దీపావళికి ఆఫీసులో కుర్తా వేసుకుని, లడ్డూలు పంచి, డైవర్సిటీ గురించి పది నిమిషాలు మాట్లాడతాడు. "మా ఊరు చూడండి, అన్ని రంగులవాళ్ళం ఉన్నాం" అంటాడు. నా పేచీ ఇక్కడే. పక్కపక్కన ఉండటం వేరు, కలిసి ఉండటం వేరు. జనాభా లెక్కల కాయితమ్మీద రంగులు పెరిగినంత మాత్రాన ఊరు కలిసిపోయినట్టు కాదు. ఇంకొంచెం ఘాటుగా చెప్పాలంటే, ఎవరో దెబ్బలు తిని తెరిపించిన తలుపులోంచి లోపలికొచ్చి, వెనకాల వచ్చేవాడి మొహం మీద ఆ తలుపు వేసే పనిలో ఉన్నాం మనం.

ముందు లెక్కలు చూద్దాం. 1990లో ఫ్రిస్కో జనాభా 6 వేల పైచిలుకు. 2020 నాటికి 2 లక్షలు దాటింది. అందులో నాలుగో వంతుకు పైగా ఆసియా మూలాల వాళ్ళే. స్కూళ్ళలో అయితే ఇప్పుడు ఆసియా పిల్లలదే పెద్ద వాటా. గుడి, ఇడ్లీ, కూచిపూడి క్లాసు అన్నీ పావుగంట డ్రైవులో దొరుకుతాయి. సంతోషమే. కానీ ఈ శివారు పట్నాలు ఎలా పుట్టాయో కూడా చూడాలి కదా?

డాలస్ స్కూళ్ళలో నల్ల పిల్లల్నీ తెల్ల పిల్లల్నీ కలపాలని 1970లో ఒక తండ్రి కోర్టుకెళ్ళాడు. శామ్ టాస్బీ ఆయన పేరు. ఆ కేసు 2003 దాకా నడిచింది. కేసు మొదలైనప్పుడు డాలస్ పబ్లిక్ స్కూళ్ళలో సగానికి పైగా తెల్ల పిల్లలు. ముగిసేసరికి పదో వంతు కూడా లేరు. ఏమైపోయారు? చాలామంది ఉత్తరానికి వెళ్ళిపోయారు. 1970లో 18 వేలు కూడా లేని ప్లేనో, 1990కి లక్షా పాతికవేలు దాటింది. ఉద్యోగాలూ, చవకగా దొరికే స్థలాలూ కూడా కారణాలే, కాదనను. కానీ కలిసి చదవటం ఇష్టం లేక కదిలిన జనం అందులో లేరంటే మాత్రం నమ్మను. మనం ముచ్చటపడి చూసుకునే "మంచి స్కూలు డిస్ట్రిక్టు"కి పునాది రాళ్ళలో ఇదొకటి.

ఇక మనం రోజూ తిట్టుకుంటూ వెళ్ళే 75 హైవే సంగతి. సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే అన్నమాట. 1940ల్లో దాన్ని ఫ్రీడ్‌మన్స్ టౌన్ మధ్యలోంచి వేశారు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళు కట్టుకున్న పేట అది. పేటతో పాటు వాళ్ళ శ్మశానంలో కొంత భాగాన్ని కూడా రోడ్డు మింగేసింది. 1990ల్లో హైవే వెడల్పు చేస్తూ తవ్వితే 1,100 మందికి పైగా మనుషుల అవశేషాలు బయటపడ్డాయి. ఇప్పుడక్కడ రోడ్డు పక్కనే స్మారకం ఉంది. ఎంతమందిమి ఆగి చూశాం? అంతకంటే ఘోరం, 1950, 51ల్లో దక్షిణ డాలస్‌లో తెల్లవాళ్ళ వీధుల్లో ఇల్లు కొనుక్కున్న నల్లవాళ్ళ ఇళ్ళ మీద బాంబులేశారు. ఒకటీ రెండూ కాదు, వరసపెట్టి. ఒక్కడికీ శిక్ష పడలేదు. జిమ్ షుట్జ్ 'ది అకామడేషన్' పుస్తకంలో ఇదంతా రాశాడు. 2021లో మళ్ళీ అచ్చయింది, ఓపికుంటే చదవండి.

"అదంతా పాత కథ, ఇప్పుడెందుకు?" అంటారా? పాతదేం కాదు. బాంబులు పోయాయి, వాటి చోట జోనింగ్ వచ్చింది. అపార్ట్‌మెంట్లు కట్టనివ్వకపోతే చాలు, తక్కువ జీతగాళ్ళు వాళ్ళంతట వాళ్ళే రారు. ఎవర్నీ పేరు పెట్టి ఆపక్కర్లేదు. డబ్బున్నవాళ్ళు చేరిన స్కూలుకి రేటింగు పెరుగుతుంది, రేటింగు చూసి ఇంటి ధర పెరుగుతుంది, ధర చూసి ఇంకా డబ్బున్నవాళ్ళే వస్తారు. మనం రోజూ రాసే కోడ్‌లో ఇలాంటి లూపు కనపడితే బగ్ అంటాం. ఇక్కడ మాత్రం ఇన్వెస్ట్‌మెంట్ అంటాం :)

ఫ్రిస్కో, అలెన్, మెకిన్నీ మూడూ డార్ట్ రైళ్ళ వ్యవస్థలో సభ్యులు కావు. అంటే మన హోటల్లో గిన్నెలు కడిగేవాడికి, మన ఆఫీసు ఊడ్చేవాడికి కారు లేకపోతే పనికి రావటమే గండం. పనికి కావాలి, పొరుగున వద్దు. ఈ లెక్క ఎక్కడో విన్నట్టు లేదూ? ఊరు ఇటు, వాడ అటు. పొలంలో పనికి రావచ్చు, ఊళ్ళో ఇల్లు మాత్రం కట్టకూడదు. ఆ ఏర్పాటుని తాతల నాటి నుంచీ చూసినవాళ్ళం మనం. టెక్సస్‌లో దాన్ని గుర్తుపట్టలేకపోతున్నామంటే కళ్ళు లేక కాదు, ఈసారి ఊళ్ళో ఉన్నది మనం కాబట్టి.

కోర్టుల దాకా వెళ్ళిన సంగతులే చెప్తాను. తక్కువ అద్దె ఇళ్ళకిచ్చే పన్ను రాయితీలన్నీ నల్లవాళ్ళ, లాటినోల పేటల్లోనే కుమ్మరించి, తెల్ల శివార్లకి రానివ్వట్లేదని డాలస్‌లో ఒక సంస్థ వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఉద్దేశం రుజువు కాకపోయినా, ఫలితం వివక్షగా ఉంటే కూడా దావా వెయ్యొచ్చని 2015లో 5-4తో తీర్పొచ్చింది. అయినా బుద్ధి రాలేదు. ఫ్రిస్కోకి దగ్గర్లోనే ప్రావిడెన్స్ విలేజ్ అని ఉంది. ప్రభుత్వ వోచర్ల మీద అద్దెకుండేవాళ్ళకి ఇళ్ళివ్వొద్దని 2022లో అక్కడి ఇంటి యజమానుల సంఘం రూలు పెట్టింది. ఆ అద్దెదారుల్లో ఎక్కువమంది నల్లవాళ్ళు. చివరికి 2023లో రాష్ట్రం చట్టం చేసి అలాంటి రూళ్ళు చెల్లవనాల్సొచ్చింది.

ఇప్పుడు మన తలుపు సంగతి. 1923లో భగత్ సింగ్ థింద్ అనే ఆయన, తను అగ్రకులపు ఆర్యుణ్ణి కాబట్టి తెల్లవాడి కిందే లెక్కనీ, పౌరసత్వం ఇవ్వాలనీ సుప్రీంకోర్టులో వాదించాడు. కుదరదు పొమ్మన్నారు. 1946లో దయతలచి ఏడాదికి వందమంది భారతీయుల కోటా ఇచ్చారు. వందమంది! అసలు తలుపు తెరుచుకుంది 1965 వలస చట్టంతో. అది వచ్చింది పౌరహక్కుల ఉద్యమం ఊపులో. ఇల్లు అమ్మేటప్పుడు రంగు చూడకూడదన్న చట్టం వచ్చింది 1968లో, మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపిన వారం రోజులకి. మనం మూడు బెడ్రూముల ఇంటికి ఆఫర్ పెట్టగలుగుతున్నామంటే ఆ ఉద్యమం చలవే. దానికి ప్రతిఫలంగా వాళ్ళకి మనమిచ్చింది ఏంటి? "కల్లూ" అన్న పేరు. మెక్సికన్లందరికీ కలిపి "అమిగో". పిల్లల ముందే అంటాం, తెలుగులో అంటే వాళ్ళకేం అర్థమవుతుందిలే అని.

"నా కష్టార్జితంతో నా పిల్లల కోసం మంచి స్కూలు చూసుకుంటే తప్పేంటి?" తప్పు లేదండీ. స్కూలు చూసుకోండి. ఆ స్కూలు ఇంకొకడి పిల్లలకి దక్కకుండా సంతకాల సేకరణకి దిగినప్పుడే తప్పు. "మాకు గ్రీన్ కార్డే లేదు, ఓటెక్కడిది?" మంచి ప్రశ్న. పక్క స్థలంలో అపార్ట్‌మెంట్లు వస్తుంటే అభ్యంతరం చెప్పటానికి ఓటు అక్కర్లేదు, ఇల్లుంటే చాలు. 200 అడుగుల లోపు స్థలంలో 20 శాతం యజమానులు రాసిస్తే, కౌన్సిల్లో నాలుగింట మూడొంతుల మద్దతు కావాల్సొచ్చేది. 2025లో చట్టం మార్చి ఇళ్ళ విషయంలో దాన్ని సడలించారు. అడ్డుపడటానికి వీసా అడ్డం రానప్పుడు, అవుననటానికి ఎందుకొస్తుంది?

ఇదంతా పరోపకారం కోసం చెప్తున్నాననుకోకండి. మన మెడ కోసం కూడా. 2022 ఆగస్టులో ప్లేనోలో ఒక పార్కింగ్ లాట్లో భారతీయ మహిళల మీద ఒకావిడ చెయ్యి చేసుకుంది, మీ దేశం పొండని అరిచింది. 2023 మే 6న అలెన్ మాల్‌లో నాజీ పిచ్చి తలకెక్కినవాడు 8 మందిని కాల్చి చంపాడు. పోయినవాళ్ళలో తెలంగాణ నుంచి వచ్చిన మన అమ్మాయి ఉంది. కొరియన్ కుటుంబం ఉంది, లాటినో పిల్లలున్నారు. తూటాకి స్కూలు రేటింగుతో పనిలేదు. ఆ తర్వాత 2025లో జోసెఫీన్ దగ్గర ముస్లింలు ఒక టౌన్‌షిప్ కడతామంటే రాష్ట్రం విచారణల మీద విచారణలు వేసింది. మనవాళ్ళ వాట్సాప్ గుంపుల్లో కొందరు చప్పట్లు కొట్టారు. "వాళ్ళంతా ఒకేచోట చేరుతున్నారు, వాళ్ళ గుడి, వాళ్ళ తిండి, మనతో కలవరు." అయ్యా, ఈ వాక్యంలో "వాళ్ళు" తీసి "తెలుగువాళ్ళు" పెట్టి చదవండి. ఎక్కడైనా తేడా పడిందా?

అందుకే అడుగుతున్నా. మీ పేటలో ఈసారి అపార్ట్‌మెంట్ల మీదో, బస్సు మీదో బహిరంగ విచారణ జరిగితే వెళ్ళి మైకు ముందు నిలబడి "రానివ్వండి" అనగలరా? అనలేకపోతే, దీపావళి లడ్డూతో పాటు ఆ డైవర్సిటీ ఉపన్యాసం మాత్రం ఇవ్వకండి. లడ్డూ ఒక్కటే చాలు.