ఇల్లు ఖాళీ చేస్తుంటే పెయింటింగ్ ఖర్చు ఎవరిది? అడ్వాన్సులో కోతపై చట్టం ఏం చెబుతోంది?

శ్రీకాళహస్తిలో మంచి బాడుగ ఇల్లు దొరకడం ఒక ఎత్తు. ఖాళీ చేశాక అడ్వాన్సు పూర్తిగా చేతికి రావడం ఇంకో ఎత్తు.

స్కూళ్లు తెరిచేలోపు, ఆషాఢం రాకముందే ఇల్లు మారిపోవాలని చూసేవాళ్లు చాలామంది. బదిలీ అయిన బ్యాంకు ఉద్యోగి, రాచగున్నేరి పైపుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ముగిసిన కార్మికుడు, ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్‌లకు దగ్గరగా ఉండాలనుకునే కుటుంబం... అందరికీ తొందరే. టాటా ఏస్‌లోకి సామాన్లు ఎక్కించేశాక ఇంటి ఓనరుతో లెక్క మొదలవుతుంది. "ఎవరు ఖాళీ చేసినా పెయింటింగ్‌కు ఒక నెల బాడుగ పట్టుకుంటాం నాయనా, ఇక్కడంతా ఇంతే" అన్న మాట అప్పుడే వినిపిస్తుంది. కింద బండి డ్రైవర్ హారన్ కొడుతుంటాడు. మిగిలింది తీసుకుని బయల్దేరడం తప్ప ఆ నిమిషంలో చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇంతకీ ఆ నెల బాడుగ పట్టుకునే హక్కు ఓనరుకు ఉందా? సూటిగా చెప్పాలంటే, గోడ రంగు వెలిసినంత మాత్రాన లేదు. కానీ ఒప్పందంలో ఆ మాట రాసి ఉంటే లెక్క మారుతుంది. ఏమీ రాసుకోకపోయినా ఓనరుకు ఒక వాదన మిగిలే ఉంటుంది. చాలామందికి తెలియనిది ఇదే.

చట్టంలో ఏముంది?

ఇందుకు పునాది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో సెక్షన్ 108 ఓనరు, అద్దెదారుల బాధ్యతలను చెబుతుంది. ఇల్లు ఏ స్థితిలో చేతికి వచ్చిందో అదే స్థితిలో అద్దెదారు తిరిగి అప్పగించాలి. దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదల ఒకటి, మనిషి ఆపలేని విపత్తు మరొకటి. 2021 నవంబరులో తిరుపతి ప్రాంతాన్ని వరదలు ముంచెత్తాయి. అలాంటప్పుడు ఇంట్లోకి నీళ్లొచ్చి గోడలు పాడైతే ఆ బిల్లు అద్దెదారుకు వేయడం కుదరదు.

అయితే ఆ సెక్షన్ మొదలయ్యేదే ఒక షరతుతో. ఒప్పందం గానీ, స్థానిక ఆనవాయితీ గానీ వేరేగా లేనప్పుడే ఈ నియమాలు వర్తిస్తాయి. కాబట్టి "ఇక్కడంతా ఇంతే" అనే ఓనరు మాటను ఒట్టి దబాయింపు అని కొట్టిపారేయలేం. అలాంటి ఆనవాయితీ నిజంగా ఉందని నిరూపించుకోవాల్సిన భారం ఆయనదే. పక్కింటివాళ్లు కూడా అలాగే పట్టుకుంటున్నారంటే సరిపోతుందా అనేది వాదనకు నిలబడే ప్రశ్నే. కానీ ఆ వాదన తేలేది కోర్టులో. మనకు డబ్బు కావాల్సింది కొత్తింటి అడ్వాన్సు కట్టేలోపు.

ఇక రాష్ట్ర చట్టం సంగతి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం స్థానంలో ఆంధ్రప్రదేశ్ 2017లో కొత్త అద్దె చట్టం తెచ్చుకుంది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. ఇది పేరుకు తగ్గట్టే నమూనా. రాష్ట్రం తన చట్టంలో చేర్చుకున్న మేరకే చెల్లుతుంది తప్ప నేరుగా మన వీధిలో అమలు కాదు. అయినా దాన్ని ఓసారి చదివి ఉండటం మంచిది. ఏ మరమ్మతు ఎవరిదో వస్తువుల వారీగా అందులో రాసి ఉంది. నివాస ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల బాడుగ దాటకూడదని, ఇల్లు స్వాధీనం చేసుకున్న రోజే న్యాయమైన కోతలు పోను మిగతాది తిరిగి ఇచ్చేయాలని కూడా అది చెబుతోంది.

ఒక బిల్లు వేసి చూద్దాం

లెక్క కోసం ఒక ఇల్లు అనుకుందాం. నెల బాడుగ 9,000 రూపాయలు. మూడు నెలల అడ్వాన్సు 27,000. రెండేళ్లు ఉండి ఖాళీ చేస్తున్నారు. ఓనరు వేసిన కోతలు ఇలా ఉన్నాయి: పెయింటింగ్‌కు 9,000, బాత్రూమ్ క్లీనింగ్‌కు 1,500, రెండు కొళాయిలు, ఫ్లష్‌కు 1,800, వంటింటి కిటికీ అద్దానికి 700. మొత్తం 13,000. చేతికి వచ్చేది 14,000.

అన్నింటికన్నా పెద్దది పెయింటింగ్. నమూనా చట్టం ప్రకారం గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు ఓనరు పనులే. రెండేళ్లలో రంగు వెలియడం, క్యాలెండర్ తీసిన చోట చతురస్రంగా కొత్త గోడలా కనిపించడం, సోఫా ఆనిన చోట మసకబారడం, దేవుడి పటాలకు కొట్టిన నాలుగు మేకుల గుర్తులు... ఇవన్నీ కాపురం చేసిన ఆనవాళ్లు. వీటికి డబ్బు అడగడం న్యాయం కాదనేది నా అభిప్రాయం.

కానీ టీవీ స్టాండు కోసం డ్రిల్ చేసి వదిలేసిన పెద్ద రంధ్రాలు, పిల్లలు క్రేయాన్లతో గీసిన హాలు గోడ, పొయ్యి వెనక పేరుకుపోయి పొలుసుల్లా లేస్తున్న నూనె జిడ్డు అరుగుదల కిందకు రావు. అవి నష్టం. అక్కడ కూడా ఆ గోడ వరకే లెక్క కట్టాలి గానీ ఇల్లంతా కొత్త రంగు వేయించి ఆ బిల్లు మొత్తం మీ మీద వేయడానికి లేదు. మీరు వచ్చేసరికే గోడకు ఐదేళ్ల నాటి రంగు ఉంటే, ఆ రంగుకు మిగిలిన విలువ ఎంతని అడగొచ్చు.

చెమ్మ సంగతి వేరు. మన వైపు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. మిద్దె కారి గోడ ఉబ్బితే అది కట్టడపు మరమ్మతు, ఓనరు పని. అయితే మొదటి వానకే కనిపించిన చెమ్మను ఏడాదిపాటు చెప్పకుండా ఉంటే, "ముందే చెప్పుంటే ఇంత అయ్యేది కాదు కదా" అని ఆయన అనగలరు. ఆ రోజే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. చెప్పినా పట్టించుకోకపోతే ఏం చేయాలో కూడా 1882 చట్టంలో ఉంది. ఓనరు చేయాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చినా తగిన సమయంలో చేయకపోతే, అద్దెదారు చేయించుకుని ఆ ఖర్చును బాడుగలో మినహాయించుకోవచ్చు. అలా మినహాయించేది ఒక నెల బాడుగలో సగం దాటకూడదని నమూనా చట్టం గీత గీసింది.

కొళాయిలు, ఫ్లష్ విషయంలో నమూనా చట్టం ఓనరు వైపే ఉంది. వాషర్లు, కొళాయిల మార్పు, వాష్ బేసిన్, కమోడ్, గీజర్ మరమ్మతులు, స్విచ్చులు, సాకెట్లు, తలుపుల తాళాలు, దోమల జాలీలు, పగిలిన అద్దాలు అద్దెదారు చూసుకోవాల్సినవి. గోడలో పైపులు, ప్రధాన వైరింగ్ ఓనరువి. కాబట్టి 700 రూపాయల అద్దం మీ చేతిలో పగిలి ఉంటే వాదన వద్దు. కొళాయి కారుతుంటే ఖాళీ చేయడానికి వారం ముందే ప్లంబర్‌ను పిలిపించి, బిల్లు దగ్గర పెట్టుకోండి. వాషర్ మారిస్తే పోయేదానికి చివర్లో కొత్త కొళాయి ధర కోసేస్తారు.

క్లీనింగ్ విషయానికొస్తే, ఇల్లు శుభ్రంగా అప్పగించడం అద్దెదారు పనే. కంపెనీవాళ్లను పిలిపించే చేయించాలన్న నిబంధన మాత్రం చట్టంలో లేదు. మీరే చేసుకోవచ్చు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో టైల్స్ మీద తెల్లటి ఉప్పు మరకలు పడతాయి. వాటిని వదిలించడానికి చివరి రోజు యాసిడ్ సీసా తెచ్చేవాళ్లున్నారు. ఎక్కువ పోస్తే టైల్స్ మధ్య సిమెంటు తినేస్తుంది, కొళాయిల మెరుపు పోతుంది. అప్పుడు నిజంగానే కోతకు కారణం దొరుకుతుంది. ఇంకో ముఖ్యమైన మాట. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదకు తెస్తుంది. మిగిలిపోయిన పెయింట్ డబ్బాలు, పాత ట్యూబ్‌లైట్లు, గడువు తీరిన మందులను మామూలు చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలి.

మన లెక్కలో ఈ లెక్కన 9,000 మీద గట్టిగా అడగొచ్చు. 1,500 సంగతి మీరు ఇల్లు ఎలా వదిలారన్న దాన్ని బట్టి ఉంటుంది. మిగతా 2,500 కట్టడమే సబబు.

కరెంటు బిల్లులో మీ డబ్బు

కోతల గురించి గొడవపడేవాళ్లు కూడా మరిచిపోయేది ఇది. తిరుపతి కేంద్రంగా పనిచేసే ఎస్‌పీడీసీఎల్ బిల్లుల్లో అప్పుడప్పుడు ఏసీడీ అనే పద్దు కనిపిస్తుంది. అది వాడకానికి కట్టే చార్జీ కాదు. ఆ సర్వీసు మీద సంస్థ దగ్గర ఉండే అదనపు డిపాజిట్. మీటరు ఓనరు పేరున ఉంటుంది కాబట్టి అది ఆయన ఖాతాలోనే నిలుస్తుంది. విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 47 ప్రకారం దానిపై వడ్డీ కూడా రావాలి. మీరున్న కాలంలో ఏసీడీ కట్టి ఉంటే ఆ బిల్లులు చూపించి, ఖాళీ చేసేటప్పుడు అడగండి. ఓనరుకు కూడా ఇందులో నష్టం లేదు, డిపాజిట్ ఆయనదే అవుతుంది.

ట్రూఅప్ చార్జీలది దీనికి తలకిందుల కథ. అవి పాత వాడకంపై తర్వాతి నెలల బిల్లుల్లో వచ్చే సర్దుబాటు. పాత కాపురం వాడిన కరెంటుకు కొత్తగా దిగినవాళ్లు కట్టాల్సి వస్తుంది. "రేపు ట్రూఅప్ వస్తే ఎవరు కడతారు?" అని ఓనరు కొంత ఆపుకుంటానంటే ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. అయితే ఎంత, ఎన్నాళ్లు అనేది కాగితం మీద రాయించుకోండి. చివరి రోజు మీటరు రీడింగ్ ఫొటో ఇద్దరి దగ్గరా ఉండాలి.

ఓనర్ల బాధ వేరు

రెండు పోర్షన్ల బాడుగ మీదే ఇల్లు గడిచే రిటైర్డ్ ఉద్యోగులు, ఒంటరి మహిళలు ఊరి నిండా ఉన్నారు. మూడు నెలల కరెంటు బిల్లు బకాయి పెట్టి, కమోడ్ పగలగొట్టి, తాళం కిటికీలో పెట్టి వెళ్లిపోయిన అద్దెదారు వాళ్లకూ తగిలే ఉంటాడు. టూలెట్ బోర్డు చూసి వచ్చినవాళ్లు మొదట చూసేది గోడల రంగే. రంగు వేయకపోతే ఇల్లు ఖాళీగా ఉంటుంది. ఈ భయంతోనే ముందుగా కొంత పట్టుకుంటారు. బెంగళూరులో ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, అక్కడ ఉద్యోగాలు చేసిన మనవాళ్లకు కొత్తేమీ కాదు. చిక్కల్లా, నష్టం జరిగినా జరగకపోయినా ఒకటే రేటు కావడం. ఇల్లు అద్దంలా ఉంచినవాడికీ, పాడుచేసినవాడికీ ఒకే కోత పడితే శుభ్రంగా ఎందుకు ఉంచాలన్న ప్రశ్న వస్తుంది.

ఇంగ్లండ్‌లో 2007 ఏప్రిల్ నుంచి అద్దెదారు అడ్వాన్సును ప్రభుత్వం ఆమోదించిన పథకంలో భద్రపరచాల్సిందే. అక్కడ తగవు వస్తే నష్టాన్ని రుజువు చేయాల్సింది ఓనరే. 2019 చట్టం తర్వాత క్లీనింగ్ ఫీజు తప్పనిసరి చేయడం కూడా కుదరదు. కాలిఫోర్నియాలో 21 రోజుల్లోగా ప్రతి కోతకూ లెక్క రాసి ఇవ్వాలి. మన దగ్గర డబ్బు ఎవరి చేతిలో ఉంటే తీర్పు వాళ్లదే అన్నట్టు సాగుతోంది.

మరి ఏం చేయాలి?

అసలు పని ఇంట్లో దిగే రోజు చేయాలి. పాలు పొంగించే ముందే ప్రతి గది గోడలు, కొళాయిలు, స్విచ్చులు, బాత్రూమ్ ఫోన్లో వీడియో తీసి ఓనరుకు పంపండి. ఆయన "సరే" అని పెట్టిన ఒక్క మాట చాలు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ ఆధారాలను తగిన ధ్రువపత్రంతో కోర్టులో పెట్టొచ్చు. అందుకని అసలు ఫైల్ చెరిపేయకండి.

పదకొండు నెలల ఒప్పందం మీద సంతకం పెట్టేముందు పెయింటింగ్ ప్రస్తావన ఉందేమో చూడండి. ఉంటే "అద్దెదారు వల్ల కలిగిన నష్టానికి మాత్రమే, బిల్లు చూపించి" అని మార్పించండి. ఓనరు ఒప్పుకోకపోతే కనీసం ఎంత పోతుందో ముందే తెలుస్తుంది, బాడుగ బేరంలో దాన్ని కలుపుకోవచ్చు.

ఖాళీ చేసేటప్పుడు నోటీసు రాతపూర్వకంగా ఇవ్వండి. ఒప్పందంలో గడువు లేకపోతే నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు చాలు. సామాన్లు కదలకముందే, వారం ముందు ఓనరును పిలిచి ఇల్లంతా కలిసి తిరిగి చూడండి. "ఏమేం బాగు చేయించమంటారు సార్?" అని అడిగితే సగం తగవు అక్కడే తీరుతుంది. మిగతా సగానికి ప్లంబర్ బిల్లులు ఉంటాయి. తాళాలు ఇచ్చినట్టు, అడ్వాన్సులో ఎంత వచ్చిందీ ఎంత ఆగిందీ ఒక చిన్న కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.

అయినా ఇవ్వకపోతే? ముందు లెక్కతో సహా స్పీడ్ పోస్టులో అడగండి. డబ్బు రాబట్టే దావాకు సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. అంతకన్నా ముందు న్యాయసేవల సంస్థ టోల్‌ఫ్రీ నంబరు 15100కు ఫోన్ చేసి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు తీసుకెళ్లడం గురించి అడగొచ్చు. కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ రాజీకి వస్తే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. కానీ ఓనరు రాకపోయినా, వచ్చి ఒప్పుకోకపోయినా అక్కడ ఏమీ తేలదు. ఆ తర్వాత 9,000 రూపాయల కోసం లాయరును పెట్టుకుని, కొత్త ఊరి నుంచి వాయిదాలకు శ్రీకాళహస్తి రావడానికి ఎంతమంది సిద్ధపడతారన్నది ఓనరుకూ తెలుసు.