వరండా తలుపుకు ఏ పిడి?

ఈ మాసం తలుపు పిడిని గూర్చి వ్రాస్తున్నానంటే కొందరు నవ్వుకోవచ్చు. పిడి ఊడితే బజారుకు వెళ్ళి ఇంకొకటి తెచ్చి బిగిస్తే సరిపోతుంది, దానికొక పేజీ ఎందుకని అడగవచ్చు. నేనూ అలా అనుకున్నవాడినే. అందువల్ల మా అమ్మకు కలిగిన కష్టం ముందుగా చెప్పి, ఆ తర్వాత పిడి సంగతికి వస్తాను.

మునుగోడు వైపు మా ఊళ్ళో తమ్ముని ఇంటికి వరండా ఉంది. ఒకప్పుడు మన ఇళ్ళకు వరండా అంటే నాలుగు స్తంభాలు, నాపరాళ్ళ అరుగు, అంతే. దారిన పోయేవారు కూడా వచ్చి కూర్చునేవారు. ఇప్పుడు దుమ్మని, కోతులని, దొంగల భయమని చాలామంది దాన్ని మూసేస్తున్నారు. మా తమ్ముడు కూడా నడుమెత్తు గోడ కట్టించి, పైన ఇనుప గ్రిల్, దాని లోపల అల్యూమినియం చట్రాల్లో అద్దాలు పెట్టించాడు. చలికాలం పొద్దుటి ఎండ హాయిగా లోపలికి వస్తుంది. అమ్మ మంచం అక్కడే. కుండీల్లో మల్లె, కరివేపాకు కూడా అక్కడే. తలుపు టేకుది. దాని పాత పిడి వదులై ఊడిపోతే నల్లగొండ బజారులో గుండ్రటి స్టీలు పిడి నేనే కొని తెచ్చాను. షాపులో నా చేత్తో తిప్పి చూశాను. సులువుగా తిరిగింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం మా మరదలు లోపలి తలుపుకు తాళం వేసి, వరండా తలుపు తెరిచి ఉంచి, పొదుపు సంఘం మీటింగుకు వెళ్ళింది. అమ్మ మంచం మీద ఉంది. సుడిగాలి లేచి తలుపు దబాలున పడింది. తాళం నాలుక చట్రంలో పట్టుకుంది. అమ్మ రెండు చేతులతో తిప్పింది, కొంగు చుట్టి తిప్పింది, పిడి కదలలేదు. అద్దాల రెక్కలు జరుపుదామంటే గాడి నిండా దుమ్ము పేరుకుని బిగుసుకుపోయాయి. ఆ ఎండకు అద్దాల గది ఎంత కాగుతుందో మీరే ఊహించుకోండి. గంటకు పైగా గడిచాక పక్కింటి పిల్లవాడు చూసి బయటినుంచి తీశాడు. మంచం పక్కన కూజాలో నీళ్ళు ఉండబట్టి సరిపోయింది.

కబురు తెలిసి సాయంత్రానికి వెళ్ళాను. "పిలవకపోయినవా అమ్మా?" అని అడిగాను.

"పిలిస్తే ఎవరు వింటరు కొడుకా, అందరు ఎండకు తలుపులు పెట్టుకొని పండుకున్నరు. ఆ పిడి నా చేతికి తిరుగుతలేదురా. తెచ్చిననాడే చెబుదామనుకున్న. పెద్దోడు పైసలు పెట్టి తెచ్చిండు, ఏమనుకుంటడో అని ఊకున్న."

ఊకున్న అన్న మాట నన్ను చాలా బాధపెట్టింది. నెలల తరబడి ఆమె బయటికి రావాలంటే ఎవరో ఒకరు తలుపు తీసేదాకా ఎదురుచూసిందన్నమాట. పండుగలకు వెళ్ళి, ఆమె చేతి అన్నం తిని వచ్చిన నాకు అది కనబడలేదు.

ఆ చేయి ఎందుకు తిరగదో మన నల్లగొండవారికి వేరుగా చెప్పనక్కరలేదు. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మునుగోడు, మర్రిగూడ ప్రాంతపు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉన్న నీటినే మన పెద్దలు తాగారు. మన జిల్లా రోగులను గూర్చి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి "నల్లగొండ టెక్నిక్" అని మన ఊరి పేరే పెట్టారు. ఆఫ్రికాలోని టాంజానియా, ఇథియోపియాల వరకు ఆ పేరు వెళ్ళింది. ఇటువంటి పేరు రాకున్నా బాగుండేది! ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా ద్వారా మా ఊరికి కృష్ణా నీరు వస్తోంది, దేవునికి స్తోత్రం. కాని గట్టిపడిన ఎముకలను ఏ నీరూ మళ్ళీ మెత్తబరచలేదు.

ఈ వ్యాధిలో నడుము వంగడం, మోకాళ్ళు బిగియడం అందరికీ కనబడుతుంది. కనబడనిది ఇంకొకటుంది. మన ముంజేతిలో రెండు ఎముకలు, వాటి మధ్య ఒక పలుచని పొర ఉంటాయి. అరచేతిని పైకీ కిందికీ తిప్పినప్పుడు ఒక ఎముక రెండవదాని చుట్టూ తిరుగుతుంది. ఫ్లోరోసిస్ ముదిరినవారిలో ఆ పొర సున్నంలా గట్టిపడుతుంది. ఇక చేయి బరువు మోయవచ్చు, తోయవచ్చు, లాగవచ్చు గాని, మెలి తిప్పడం కష్టం. గుండ్రటి పిడి కోరేది సరిగ్గా ఆ మెలికనే. కీళ్ళవాతం ఉన్నవారికీ, పక్షవాతం వచ్చి తేరుకున్నవారికీ, చంకలో బిడ్డ, చేతిలో బిందె ఉన్న ఇల్లాలికీ ఇదే ఇబ్బంది.

దీనికి మందు పొడుగాటి పిడి. గుండ్రటి పిడిలో మధ్యనుంచి అంచుకు దూరం సుమారు రెండున్నర సెంటీమీటర్లు. పది సెంటీమీటర్ల అడ్డపిడి కొసన నొక్కితే నాలుగో వంతు బలం చాలు. పైగా పట్టుకోనవసరం లేదు, మణికట్టుతోనో మోచేతితోనో కిందికి నొక్కితే తెరుచుకుంటుంది. మన ఊళ్ళలోని చేతిపంపుకు అంత పొడుగు కాడ పెట్టింది కూడా ఇందుకే. ఆ కాడ వల్లనే చిన్నపిల్లలు సైతం లోతునుంచి నీళ్ళు తోడగలిగారు. ఆ నీళ్ళే మా అమ్మ చేతిని ఇలా చేశాయన్నది వేరే సంగతి.

పిడి మార్చడానికి మా ఊరి వడ్ల మేస్త్రీని పిలిచాను. ఆయన తలుపు చూడకముందే, "అయ్యగారూ, షాపుల కొనేటప్పుడు అమ్మను తోలుకపోయిండ్రా?" అని అడిగాడు. లేదన్నాను. "చెప్పులకైతే తోలుకపోతం గద!" అన్నాడు. డిప్లొమా చదువులో నాకెవరూ ఈ పాఠం చెప్పలేదు.

ఆయన దగ్గర నేర్చుకున్నవి చెబుతాను. పాత పిడి విప్పి వెంట తీసుకుపోవాలి. తలుపు మందమెంతో, తలుపు అంచునుంచి పిడి రంధ్రం మధ్యకు ఎంత దూరమో కొలిచి కాగితం మీద వ్రాసుకోవాలి. ఈ దూరం ఎక్కువగా 60 లేదా 70 మిల్లీమీటర్లు ఉంటుంది. గుండ్రటి పిడి తీస్తే తలుపుకు రెండంగుళాల పెద్ద రంధ్రం మిగులుతుంది కాబట్టి అదే రంధ్రంలో కూర్చునే రకం అడ్డపిడి అడగాలి, లేదా రంధ్రాన్ని పూర్తిగా కప్పే పొడుగు ప్లేటు ఉన్నదైనా తీసుకోవాలి. తలుపు కుడికి తెరుచుకుంటుందో ఎడమకో కూడా షాపులో చెప్పాలి. పిడి కొస తలుపు వైపు వంగి ఉంటే చీరకొంగు, గాజులు దానికి తగులుకోవు. పడమటి ఎండ పడే తలుపైతే బయటి పిడి కాలుతుంది, దానికొక గుడ్డ తొడుగు కుట్టండి.

పాత స్క్రూ రంధ్రాలు పెద్దవైతే లావు స్క్రూలు కొట్టవద్దు, చెక్క చీలుతుంది. వెదురు పుల్లలకు ఫెవికాల్ రాసి రంధ్రంలో బిగించి, రాత్రంతా ఆరనిచ్చి, పైకి మిగిలింది కోసేసి, సన్నటి బెజ్జం వేసి పాత స్క్రూలే బిగించవచ్చు. తాళం రంధ్రంలో నూనె పోసే అలవాటు మనలో చాలామందికి ఉంది. మన దుమ్ముకు ఆ నూనె నాలుగు నెలల్లో జిడ్డు ముద్ద అవుతుంది. పెన్సిలు ముల్లును పొడి చేసి వేస్తే మేలు. వానాకాలం తలుపు పట్టేస్తే పిడిని నిందించకండి. తాళం నాలుకకు సుద్దముక్క రాసి తలుపు మూస్తే చట్రం మీద ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. తరచుగా తప్పు వదులైన బందులదే.

నెహెమ్యా 3వ అధ్యాయంలో గుమ్మాలు బాగుచేసినవారిని గూర్చి చెబుతూ తలుపులు, తాళాలు, గడియలు అని మళ్ళీ మళ్ళీ చదవడం నాకు ఒకప్పుడు విసుగనిపించేది. ఈ పనిలో రెండు రోజులు మేస్త్రీ పక్కన కూర్చున్న తర్వాత అంత విసుగు లేదు.

గ్రిల్ తలుపులకు రాత్రిళ్ళు లోపలినుంచి తాళం వేసేవారు ఒకటి గమనించండి. తాళంచెవి ఇంటి యజమాని దిండు కింద ఉంటే నిప్పు అంటుకున్న రాత్రి మిగతావారి గతి ఏమిటి? ఇంట్లో అందరికంటే పొట్టివారికి అందే ఎత్తులో, బయటినుంచి కర్ర పెట్టినా అందని చోట, ఒక మేకుకు చెవి తగిలించండి. గడియ బిగుసుకుపోతే తుప్పు గీకించి, దాని కాడకు జానెడు ఇనుప కడ్డీ వెల్డింగు చేయించండి. చిన్న పని. గాలికి తలుపు పడకుండా గోడకు ఒక కొక్కెం పెట్టించడం ఇంకా చిన్న పని. ఆ రోజు అది ఉండి ఉంటే మా అమ్మకు ఆ గంట వచ్చేదే కాదు.

అన్నట్టు, మన మందిరాల పక్క తలుపులు కూడా ఒకసారి చూడండి. మా మందిరంలో స్త్రీల వైపు తలుపుకు గుండ్రటి పిడి ఉన్న సంగతి నేను ఈ గొడవ తర్వాతే చూశాను.

అమ్మ ఇప్పుడు మోచేతితో నొక్కి తలుపు తీసుకుంటోంది. అయితే పోయిన నెల ఫోనులో కొత్త ఫిర్యాదు చేసింది. ఇంట్లోని మేకపోతు వెనక కాళ్ళ మీద లేచి, ముందు కాళ్ళతో అడ్డపిడి నొక్కి, వరండాలోకి వచ్చి కరివేపాకు మొత్తం మేసిందట. మేస్త్రీకి కబురు పెట్టాను. లోపలివైపు నడుమెత్తున ఒక చిన్న జారుడు గడియ బిగిస్తానన్నాడు. "ఈసారి గడియ అమ్మకు చూపించినాకనే కొంట" అన్నాడు.