సముద్రపు నాచు, మా పిన్ని అడిగిన ప్రశ్న

మా పిన్నికి రొమ్ము కేన్సరు అని తేలిన నెలలోనే ఇంటికి ఒక పార్సిలు వచ్చింది. విదేశంలో ఉన్న బంధువొకరు ఎంతో ప్రేమతో పంపినది. అందులో రెండు సీసాల నిండా క్యాప్సూళ్ళు, సీసాల మీద జపాను సముద్రపు నాచు బొమ్మ. తోడుగా ఒక చీటీ: "శాస్త్రజ్ఞులు నిరూపించారట. ఇది వాడితే కీమో అక్కరలేదట." పిన్ని ఆ సీసాను చేతిలో తిప్పి చూస్తూ, "ఏరా, నువ్వు కెమిస్ట్రీ చదువుకున్నావు కదా, ఇది నిజమేనా?" అని అడిగింది. ఆ పూట నిజమనీ అనలేకపోయాను, అబద్ధమనీ అనలేకపోయాను. ఈ టపా ఆ ప్రశ్నకు ఆలస్యంగా కూడబలుక్కున్న జవాబు.

ముందుగా నాచుకు న్యాయం చేయాలి. జపాను వారి వంటింట్లో కొంబు, వకామె, మొజుకు అనే గోధుమరంగు నాచులు మనకు చింతపండు, కరివేపాకు ఎంతో అంత. కొంబుతో చారు కాస్తారు. ఒకినావా దీవులలో మొజుకును సిర్కాలో కలుపుకొని తింటారు. వకామెను వేడినీళ్ళలో వేస్తే గోధుమరంగు పోయి క్షణంలో పచ్చబడుతుంది. అంతవరకూ ఆ పచ్చదనాన్ని కప్పిపుచ్చిన రంగు పదార్థం పేరు ఫ్యూకోజాంథిన్. ఇక నాచును పట్టుకుంటే చేతికి తగిలే జిగురులో ఉండేది ఫ్యూకాయిడన్. గంధకాన్ని తగిలించుకున్న ఒక పెద్ద చక్కెర గొలుసు అది. దానిని 1913లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ కైలిన్ మొదట వేరుచేశాడు. పిన్ని చేతిలోని సీసాలో ఉన్నది ఇదే.

ఈ రెండింటికీ కేన్సరుకూ ముడి పడటం వట్టి కల్పన కాదు. కొంబు తినడం వల్లనే జపాను స్త్రీలలో రొమ్ము కేన్సరు తక్కువేమోనని 1981లో జేన్ టీస్ అనే పరిశోధకురాలు ఒక ఊహను ప్రతిపాదించింది. 2001లో జపాను పరిశోధకులు ప్రోస్టేటు కేన్సరు కణాల మీద పదిహేను రకాల కెరోటినాయిడులను పరీక్షిస్తే, ఆ కణాలను గట్టిగా దెబ్బతీసిన వాటిలో ఫ్యూకోజాంథిన్ ఒకటి. ఫ్యూకాయిడన్ కూడా గాజుపళ్ళెంలోని కేన్సరు కణాలను తమంతట తాము చనిపోయే దారిలోకి నెట్టగలదని ఎన్నో ప్రయోగాలు చూపాయి. కాబట్టి చీటీలోని "శాస్త్రజ్ఞులు" అన్న మాట అబద్ధం కాదు. తగవంతా "నిరూపించారట" అన్న మాటతోనే.

గాజుపళ్ళెంలో కణాన్ని చంపడం ఏమంత కష్టమైన పని కాదు. ఉప్పు ఎక్కువైనా కణాలు చస్తాయి. కేన్సరు కణాన్ని చంపుతూ పక్కనున్న మంచి కణాన్ని వదలడం కష్టం. మింగిన పదార్థం పేగు దాటి, నెత్తురులో కలిసి, కంతి దాకా తగినంత మోతాదులో చేరడం అంతకన్న కష్టం. ఫ్యూకాయిడన్ అణువు చాలా పెద్దది. నోటి ద్వారా తీసుకుంటే నెత్తురులోకి చేరేది బహు స్వల్పం. పళ్ళెంలో కణాల మీద నేరుగా పోసిన మోతాదుకూ క్యాప్సూలు మింగిన మనిషి నెత్తురులో ఉండే మోతాదుకూ పోలికే లేదు.

మరి మనుషుల మాట? 2011లో జపానులో ముదిరిన పెద్దపేగు కేన్సరు ఉన్న ఇరవైమంది రోగులలో సగం మందికి కీమోతో పాటు ఫ్యూకాయిడన్ ఇచ్చారు. వారిలో నీరసం తక్కువగా కనబడింది. ఆయుష్షు విషయంలో మాత్రం గట్టిగా చెప్పదగ్గ తేడా తేలలేదు. గమనించండి: ఆ పరీక్షలో నాచు కీమోకు తోడుగా వచ్చింది, బదులుగా కాదు. పైగా పదిమంది ఒకవైపు, పదిమంది ఒకవైపు. ఇది ఆశకు చాలు, నిరూపణకు చాలదు.

తిండే కదా, నష్టమేముంది అనేవారికి మరొక మాట. కొంబులో అయోడిన్ విపరీతం. జపానులో యాభైవేలకు పైగా స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించి 2012లో ప్రకటించిన అధ్యయనంలో, నాచు దాదాపు రోజూ తినే స్త్రీలలో, ముఖ్యంగా ముట్లుడిగిన వారిలో, ఒక రకం థైరాయిడు కేన్సరు కొంత ఎక్కువగా కనిపించింది. ఇదీ నిరూపణ కాదు. కాని ఒకవైపు వచ్చిన అధ్యయనాన్ని తలకెత్తుకొని, రెండోవైపు వచ్చినదాన్ని సీసా మీద అచ్చు వేయకపోవడం న్యాయం కాదు.

సముద్రం నుంచి మందు రాదని నేననను. 1986లో జపాను పరిశోధకులు ఒక సముద్రపు స్పంజి నుంచి హాలికాండ్రిన్ అనే అణువును వేరుచేశారు. దానిలో అక్కరకు వచ్చే భాగాన్ని పోల్చుకొని, ప్రయోగశాలలో కట్టి, రోగులపై పరీక్షించి, 2010లో ఎరిబులిన్ అనే రొమ్ము కేన్సరు మందుగా ఆమోదం పొందేసరికి ఇరవైనాలుగేళ్ళు పట్టింది. మన పెరటి బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ పసిపిల్లల రక్త కేన్సరులో ఎందరినో బ్రతికిస్తోంది. అలాగని బిళ్ళగన్నేరు ఆకు నమలమని ఏ వైద్యుడూ చెప్పడు. మొక్కకూ మందుకూ నడుమ ఉన్న ఆ దూరమే శాస్త్రం. సీసా అమ్మేవాడు చెరిపేసేది సరిగ్గా ఆ దూరాన్నే.

ఆ చెరిపివేతకు మూల్యం ఉంది. నయమయ్యే దశలోని కేన్సరుకు వైద్యం మాని ప్రత్యామ్నాయాలను మాత్రమే నమ్ముకున్న 281 మందిని, వైద్యం చేయించుకున్నవారితో యేల్ పరిశోధకులు పోల్చి 2017లో ప్రకటించారు. మొదటివారిలో మరణించే ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము కేన్సరులో ఐదు రెట్లకు మించి.

పిన్నికి చివరకు నేను చెప్పింది ఇంతే: "కీమో మానవద్దు. సీసా డాక్టరుగారికి చూపిద్దాం." ఆయన కోప్పడలేదు, నవ్వలేదు. ఫ్యూకాయిడన్‌కు నెత్తురు గడ్డకట్టడాన్ని అడ్డుకునే గుణముందనీ, చికిత్స పూర్తయ్యేదాకా పక్కన పెట్టమనీ అన్నారు. పిన్ని పెట్టింది. చికిత్స ముగించింది. పంపిన బంధువుకు ఫోను చేసి, "నీ ప్రేమ చేరింది నాయనా, మందు మాత్రం వేసుకోలేదు" అని చెప్పింది.

మిత్రులారా, మీ ఇంటికీ ఏదో ఒకనాడు ఇటువంటి సీసా వస్తుంది. తెచ్చినవారిని నొప్పించకండి. మూడు ప్రశ్నలు మాత్రం అడగండి. గాజుపళ్ళెంలోనా, ఎలుకలోనా, మనిషిలోనా? ఎంతమందిలో? వైద్యానికి తోడుగానా, బదులుగానా? మూడో ప్రశ్నకు "బదులుగా" అన్న జవాబు వస్తే, ఇక మొదటి రెండింటితో పని లేదు.