పూత రాలితే తప్పు రైతుదేనా?

ఉద్దానంలో జీడి తోట పూతకొచ్చిందంటే మందుల కొట్లకు పండగే. రాలిన పూత గుప్పెడు పట్టుకెళ్తే చాలు, ఎందుకు రాలిందో అడక్కుండానే ‘పూత నిలిపే మందు’ సీసా చేతిలో పెడతారు. బిల్లు ఇవ్వరు. పూత ఆగకపోతే ‘ఆలస్యంగా కొట్టావు’ అంటారు. ఎటు తిరిగినా తప్పు మనదే!

రైతు సోదరులారా, అసలు సంగతి చూడండి. జీడి పూగుత్తిలో ఎక్కువ భాగం మగపూలే. అవి రాలడం చెట్టు ధర్మం, నష్టం కాదు. నష్టం చేసేది టీ దోమ. అది చిగురు, పూకాడల రసం పీల్చితే జిగురు కారి, నల్లమచ్చలు పడి, గుత్తి మొత్తం మాడిపోతుంది. మబ్బు, మంచు పట్టిన రోజుల్లో తెగులు తోడవుతుంది. ప్లానోఫిక్స్ లాంటి హార్మోను మందు దోమను చంపదు, తెగులును ఆపదు. మోతాదు మించితే ఉన్న పూత కూడా రాలుతుంది.

దోమను పట్టాల్సింది కొత్త చిగురు వేసేటప్పుడే. తర్వాత పూత సమయంలో, పిందె కట్టేటప్పుడు తోట చూసి, దోమ ఉంటేనే మందు కొట్టాలి. తేనెటీగలు తిరిగే వేళ అసలు కొట్టకూడదు. ఇది చెప్పాల్సింది కొట్టువాడా, ప్రభుత్వమా?

జీడి పరిశోధన స్థానం బాపట్లలో ఉంది. కృషి విజ్ఞాన కేంద్రం ఆమదాలవలసలో ఉంది. రైతు భరోసా కేంద్రం పేరు రైతు సేవా కేంద్రంగా మారింది. బోర్డు మారితే పూత నిలుస్తుందా? 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు చెట్లు కూలితే నాయకులంతా వచ్చి చూశారు. చెట్టు నిలబడే ఉండి పూత మాడితే ఆ నష్టం ఎవరి కంటికీ ఆనదు. పైగా కేంద్రం ప్రకటించే మద్దతు ధరల జాబితాలో జీడిపిక్కే లేదు. మందు ఖర్చు మనది, ధర వ్యాపారిది!

అందుకే మన డిమాండ్లు:

1. చిగురు వేసే నెలల్లోనే శాస్త్రవేత్తలు, ఉద్యాన అధికారులు పలాస, మందస, వజ్రపుకొత్తూరు తోటల్లోకి రావాలి.

2. జీవ ఉత్ప్రేరకాలను 2021లోనే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. ఆ ప్రకారం కొట్లు తనిఖీ చేయాలి. అనుమతి లేని సరుకు పట్టుకోవాలి.

3. పూత నష్టాన్ని లెక్కకట్టి పరిహారం ఇవ్వాలి.

4. జీడిపిక్కకు మద్దతు ధర ప్రకటించాలి.

ఈ ఏడు బిల్లు లేనిదే సీసా కొనకండి. ఖాళీ సీసా పారేయకండి, బిల్లుతో పాటు సంఘం సమావేశానికి తీసుకురండి. నోటిమాటగా అడిగితే పోనిస్తారు. సీసాలు, బిల్లులు బల్లమీద పెట్టి అడిగితే జవాబు చెప్పక తప్పదు.